బీదరు కొత్త యిండ్లలో కట్టెల పొయ్యికి చోటు

కర్ణాటక రాష్ట్ర గృహనిర్మాణ శాఖామాత్యులకు బహిరంగ లేఖ

ఆర్యా,

వానలు వెనుదిరిగి కందిచేలు పూతకు వచ్చు దినములు మొదలుకొని ఎండలు ముదురువరకు బీదరు జిల్లా పల్లెలలో ఎటు చూచినను క్రొత్త యిండ్లకు పునాదులు త్రవ్వుచునే యుందురు. గౌండి త్రాడు పట్టి, మేకులు దిగగొట్టి, సున్నపు ముగ్గుతో గదుల గీతలు గీయు ఆ ఉదయమున ఇంటి యజమానియు, పెద్దలును, ఇరుగుపొరుగువారును చుట్టు నిలిచి, సింహద్వార మెటు, దేవునిగూడు ఎటు, నీళ్ళతొట్టి యెచట, మోటారు సైకిలు నిలుపు తావెచట అని సావధానముగ విచారింతురు. ఆ యింటిలో దినమునకు రెండు పూటల మండబోవు నిప్పు ఎచట మండవలెనో మాత్రము ఎవరును విచారింపరు. వంటగది యని యొక గీత గీయుదురు గాని అది గ్యాసు పొయ్యిని ఉద్దేశించినది; కట్టెల పొయ్యి సంగతి గృహప్రవేశమైన పిమ్మట చూచుకొందమందురు. అట్లు విడువబడిన నిప్పును గూర్చియే తమకీ లేఖ వ్రాయుచున్నాను.

బీదరునుండి తమకు వచ్చు విన్నపము తెనుగున నేల యున్నదని తాము శంకింపవచ్చును. 1956 నవంబరు 1వ తేదీ వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. నాటి పునర్విభజనమున నారాయణఖేడు తాలూకాయు, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాలకల్లు సర్కిలును ఆంధ్రప్రదేశమునకు చేరినవి. సరిహద్దు పొలముల నడుమ నుండి సాగినది గాని బంధుత్వములు తెగిపోలేదు. జిల్లాలోని తూర్పు పల్లెలలో నేటికిని తెనుగు మాటాడు కుటుంబములు పెక్కు కలవు. ఇండ్లు కట్టు గౌండీలును కూలీలును ఆవలినుండి ఈవలికి, ఈవలినుండి ఆవలికి నిత్యము వచ్చి పోవుచుందురు. ఈ విన్నపములో సగము తమకును, సగము వారికిని సంబంధించినది. తమకు దీనిని కన్నడమున వినిపించువారు కలరు; వారికి వారి భాషలోనే చెప్పవలసియున్నది.

గ్యాసు ఇంటింటికి వచ్చినది గదా, ఇంక కట్టెల పొయ్యి ప్రసక్తి యేల యని మొట్టమొదట వినబడు ఆక్షేపణ. ఉజ్జ్వల పథకము 2016 మే 1వ తేదీన ఆరంభమై, 2019 నాటికి ఎనిమిది కోట్ల గృహములకు గ్యాసు నందించిన మాట నిజము. అది సామాన్యమైన కార్యము కాదు. అయినను 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము గ్రామీణ భారతమున వంటకు శుభ్రమైన ఇంధనమును వాడు గృహములు నూటికి 43 మాత్రమే. మిగిలిన చోట్ల ముఖ్యముగా మండునది కట్టెయో, పిడకయో, పంటకంపయో. గ్యాసు వచ్చిన యిండ్లలో సైతము చాయ, కూర గ్యాసుమీదను, రొట్టె, స్నానపు నీళ్ళు కట్టెలమీదను సాగుట బీదరు ప్రాంతమున నే నెరిగిన వాడుక. జొన్నరొట్టెకు వెడల్పైన పెనము, పెనము నంతను తాకు మంట, కడపట పొంగించుటకు ఎర్రని నిప్పులు కావలెను. చిన్న గ్యాసు బర్నరుపై అది అంచుల పచ్చిగా నిలిచిపోవును. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైనున్న ఈ పీఠభూమిమీద మార్గశిర పుష్యమాసపు రాత్రులలో ఉష్ణమాపకము పది డిగ్రీలకు లోపలికి దిగుటయు కలదు. అట్టి ఉదయమున ఆరుగురున్న యింటిలో అందరి స్నానములకు నీళ్ళు గ్యాసుమీద కాచు స్తోమత కూలివాని కెక్కడిది? అదిగాక కందికోత ముగియగనే కట్టె ఉచితముగా కల్లమునుండి ఇంటికి వచ్చును. ఖర్చు నెరిగిన గృహిణి చేయు లెక్క యిది. దానిని నిందించుటకు నాకు మనసొప్పదు. పదియేండ్లకో ఇరువదియేండ్లకో ఈ పొయ్యిలు వాటియంతట అవియే చల్లారునేమో. నేడు కట్టుచున్న యింటిలో మాత్రము అవి మండితీరును. వానికి చోటు కల్పింపని పటము, ఉన్నదానిని లేదని భావించి గీసిన పటము.

చోటు కల్పింపనిచో పొయ్యి తన చోటు తాను వెదకుకొనును. మెట్లక్రిందనున్న ఖాళీలోనికి పోవును. అచట పొగకు త్రోవ యుండదు, పైకిపోవు మెట్లే ఆపదవేళ పారిపోవు దారి. లేదా ఇంటి వెనుకగోడ కానించి నాలుగు వెదురు గుంజలు పాతి, పైన రేకో తాటిపత్రియో కప్పి, ప్రక్కల పాత చీరలును ప్లాస్టికు గోనెలును కట్టిన చాటులోనికి పోవును. గాలి వీచిన వేళ మొదట మండునది ఆ చాటే. అన్నింటికంటె భయంకరమైనది మూడవ చోటు. వర్షకాలమున వెనుకచాటు కురియుచున్నదని, పొయ్యిని లోనికి తెచ్చి, వంటగదిలోనే నేలపై ఒక మూల మూడు రాళ్ళు పెట్టి, ఎదుటిమూల సిలిండరు నుంచి, రెండింటిని కలిపి నడపుదురు.

ఇచట నొక్క క్షణము నిలువవలసియున్నది, ఏలయన ఇది ఆచారమును బట్టియో అభిప్రాయమును బట్టియో పోవు విషయము కాదు. సిలిండరులోని ఇంధనము ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము. వాయురూపమున అది గాలికంటె ఒకటిన్నర రెట్లు మొదలు రెండు రెట్ల వరకు బరువైనది. గొట్టము పగిలియో, రెగ్యులేటరు సరిగా కూర్చొనకయో బయటపడినచో అది పైకిపోయి కిటికీగుండ వెలికి పోదు. నేలకు దిగి, నేలవెంట ప్రాకి, పల్లమున్న వైపున నిలుచును. గదిలోని గాలిలో నూటికి రెండుపాళ్ళు చేరిన చాలును, చిన్న నిప్పు తగిలినంతనే అంటుకొనును. ఈ కారణముచేతనే సిలిండరును నిలువుగా నేలపై నుంచి గ్యాసు పొయ్యిని దానికంటె ఎత్తైన గట్టుపై నుంచవలెనని నియమించిరి. కట్టెల పొయ్యి మాటయో? అది నేలమీదనే, జారిన వాయువు వచ్చి చేరుచోటనే యుండును. మంట ఆర్పిన మాత్రమున నిప్పు చచ్చినట్లు కాదు. బూడిదక్రింద కణిక తెల్లవారుదాక బ్రతికియుండును. వాసనలేని ఆ వాయువునకు జాగరూకత కొరకు దుర్గంధమును కలుపుదురు గాని, పొగచూరిన గదిలో, పొగకు అలవడిన ముక్కునకు ఆ దుర్గంధము సకాలమున తోచునని నమ్ముట కష్టము. కావున ఒకే గదిలో ఈ రెండు నిప్పు లుండరాదు. రెంటికిని నడుమ నిండుగోడ యుండవలెను. గ్యాసున్న గదికి నేలమట్టమున వెలికిపోవు రంధ్రముండవలెను. ఆ రంధ్రము కట్టెల పొయ్యి వైపున కాక ఎదుటి వైపున ఉండవలెను. ఇది గోడ లేచిన పిమ్మట సాధ్యము కాని పని.

ప్రధానమంత్రి ఆవాస యోజన గ్రామీణ విభాగము నియమముల ప్రకారము ఇల్లు 25 చదరపు మీటర్లకు, అనగా సుమారు 270 చదరపు అడుగులకు తక్కువ కారాదు. అందులోనే ఆరోగ్యకరమైన వంటకు ప్రత్యేకముగ స్థలముండవలెనని వ్రాసియున్నారు. ఆ వాక్యమును వ్రాసినవారికి నమస్కారము. అయితే అంత చిన్న యింటిలో నిప్పుకును నిద్రకును, వంటకును వస్త్రములకును దూరమెంత యుండునో తమ యింజనీరులు ఒకసారి కొలబద్ద పట్టి చూడవలెను. పెద్దభవనమున పొరపాటున పెట్టిన పొయ్యి ఒక గదిని చెరచును. 270 చదరపు అడుగుల యింటిలో పొరపాటు సమస్తమును చెరచును. చిన్న యింటికే పెద్ద ప్రణాళిక కావలెను.

బీదరు పురాతన గృహములను కట్టినవారు ఈ ప్రశ్నకు తమదైన సమాధానము చెప్పిరి. ఈ నేలలోనే దొరకు, తీసినపుడు మెత్తగా నుండి గాలి తగిలినకొలది గట్టిపడు ఎర్రని రాతితో, కన్నడిగులు జంబిట్టిగె యను లేటరైటుతో, రెండడుగుల మందపు గోడలెత్తి, దూలములు, వాసములు పరచి, పైన మట్టి మిద్దె వేసి, పొయ్యికి నేరుగా పైని కప్పులో బెళకిండి యను వెలుగురంధ్రమును విడిచిరి. వెలుగు లోనికి వచ్చుటకును పొగ వెలికి పోవుటకును అదే త్రోవ. కప్పు ఎత్తుగా నుండుటచే మంట దూలమునకు దూరమై యుండెను; పొగతో నల్లబడిన వాసములకు పురుగు పట్టకుండెను. కోటలోపల షాహీ మత్బఖ్ అను వంటశాలయు, షాహీ హమ్మామ్ అను స్నానశాలయు వేరువేరు కట్టడములుగా నేటికిని కనబడుచున్నవి. గులాం యజ్దానీగారు బీదరు చరిత్రను, కట్టడములను గూర్చి 1947లో ప్రకటించిన గ్రంథమును తిరుగవేసినవారికి ఇవి పరిచితములే. పాతయింటి ఇల్లాలు పొగ పీల్చలేదని నేననుట లేదు. పీల్చినది, కండ్లు పోగొట్టుకొన్నది. అయినను నిప్పునకు కప్పునకు గల సంబంధమును ఆ గృహకర్త మరువలేదు. నేటి స్లాబు ఇంటిలో ఎత్తు తగ్గినది, రంధ్రము పూడినది, కప్పు బిగిసినది, పొయ్యి మాత్రము మిగిలినది.

నిప్పు నెచట నుంచవలెనో యోచింపమివలన కలిగిన హానికి బీదరు నడిబజారులోనే సాక్ష్యము నిలిచియున్నది. మహమూద్ గవాను 1472లో కట్టించిన మదరసా చదువులకై నిర్మింపబడినది. మొగలుల యేలుబడిలో అందు తుపాకిమందు నిలువచేసిరి. పదునేడవ శతాబ్దము కడపటి దశకమున అది ప్రేలి, భవనముయొక్క ముందరిభాగమును, రెండు మీనారులలో నొకదానిని కూల్చివేసెను. పిడుగు పడుటచే ప్రేలినదని చెప్పువారును కలరు. కారణమేదైనను, కట్టినవాడు తలపని వస్తువును తరువాతివారు అందులోనికి తెచ్చిరి. తమ శాఖ కట్టించు చిన్న యిండ్లలోనికి ఏ వస్తువు వచ్చునో మనకు ముందే తెలియును; ఆ తెలివి యుండియు పటములో దానికి తావు చూపకుండుట తప్పు.

పొగలేని పొయ్యి మనకు క్రొత్త విద్య కాదు. వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామపరిశ్రమల సంఘమువారు 1947 ప్రాంతమున మగన్ చూల్హాను రూపొందించిరి. ఆ పిమ్మట హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజుగారు శ్రమించి, మట్టితో కట్టుకొనదగినదియు, పొగగొట్టము కలదియు నగు పొయ్యిని సిద్ధపరచి, కోట్లకొలది ప్రజలకు పొగలేని వంటిండ్లు అను ఆశయమునే శీర్షికగా చేసికొని 1953లో ఆంగ్లమున ఒక పుస్తకమును ప్రకటించిరి. ఆ యేట బీదరు హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. అనగా ఆ పరిశోధన మన జిల్లా పన్నులతోను జరిగినది. మైసూరు వైపునను ఈ కృషి వెనుకబడలేదు: బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థలో ఆచార్య అమూల్య కుమార్ రెడ్డిగారు 1974లో నెలకొల్పిన అస్త్ర అను గ్రామీణ సాంకేతిక కేంద్రమునుండి మూడు గిన్నెల అస్త్ర ఒలె అను పొయ్యి వెలువడి రాష్ట్రమంతట వ్యాపించినది. కేంద్రప్రభుత్వము 1983 నుండి 2002 వరకు జాతీయ స్థాయిలో మూడుకోట్లకు పైబడి మెరుగుపరచిన పొయ్యిలను పెట్టించినది.

ఆ మూడుకోట్లలో నేడెన్ని మండుచున్నవని యడిగిన సమాధానము విచారకరము. గొట్టములు పగిలినవి, మసి పట్టి మూసికొనిపోయినవి, గిన్నెల కొలతలు కుదరక ఇల్లాండ్రు రంధ్రములు పెద్దవి చేసికొనిరి, కప్పునకు తూటుచేసిన చోట వాన కారినది. విమర్శకులు పొయ్యి నిర్మాణమును నిందించిరి. అధికారులు ప్రజల అశ్రద్ధను నిందించిరి. నా యభిప్రాయము వేరు. కట్టి ముగించిన యింటిలోనికి, ఆ యింటి కప్పుతోను గోడలతోను సంబంధము లేకుండ, పొయ్యిని తెచ్చి దించిరి. పొయ్యిని చేసినది విజ్ఞానశాఖ, ఇల్లు కట్టినది గృహనిర్మాణ శాఖ. ఈ రెండు శాఖలును పునాదికడ కలిసికొనలేదు. శీతలదేశములలో అట్లు జరుగలేదు. అచట నిప్పుగూడును పొగగొట్టమును గోడతో కలిసి పునాదినుండి లేచును. 1666లో లండను నగరము ఒక రొట్టెలవాని యింట పుట్టిన నిప్పుచే దగ్ధమైన పిమ్మట ఇటుకతోను రాతితోను మాత్రమే గృహములు కట్టవలెనని శాసించిరి. 1796లో రంఫర్డు ప్రభువు నిప్పుగూటి లోతును తగ్గించి, ప్రక్కలను ఏటవాలు చేసి, పొగ పైకి పోవు కంఠమును ఇరుకుపరచినచో పొగ గదిలోనికి తిరిగిరాదని నిరూపించి వ్యాసము వ్రాసెను. మన దేశమునను భారతీయ ప్రమాణముల సంస్థవారు 1960లోనే పొగగొట్టములు, పొయ్యిల విషయమున అగ్నిభద్రతా నియమావళిని ప్రకటించియున్నారు. నియమము లేకపోలేదు; అది గౌండి చేతికి రాలేదు.

గౌండి చేతికి రావలసిన విషయములను కొంత వివరముగా చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాను. పొగ పైకి పోవుట గొట్టములోని వేడిగాలి వెలుపలి గాలికంటె తేలికయగుటచేత. గొట్టమెంత పొడవైన, లోపలి వేడి యెంత నిలిచిన, లాగుడు అంత బలము. అందుచే మొండిగొట్టము పనికిరాదు. చదునైన కప్పుపై గొట్టము కనీసము మూడడుగులు లేవవలెను. పది అడుగుల లోపల పిట్టగోడయో, నీళ్ళ ట్యాంకో, పొరుగువారి మేడయో యున్నచో దానికంటె రెండడుగులు మించవలెను. ఇది అమెరికాలో చిరకాలముగా పాటింపబడుచున్న కొలత, మన గాలికిని సరిపోవును. ఈ కొలతను మరచి గొట్టమునకు ప్రక్కనే నల్లని ప్లాస్టికు ట్యాంకు నెత్తిన యిండ్లను నేను చూచియున్నాను. గాలి ట్యాంకును తాకి క్రిందికి దిగి, పొగను మరల వంటింటిలోనికే త్రోయుచుండును. గొట్టమునకు వంపు లెంత తక్కువైన నంత మేలు; అడ్డముగా పరచిన గొట్టములో మసి కూర్చొనును. పచ్చికట్టె కాల్చినకొలది ఆ మసి తారువలె అంటుకొని, ఒకనాడు గొట్టములోనే మంటగా లేచును. దీనికి విరుగుడు కష్టమైనది కాదు: గొట్టము అడుగున మూతగల చిన్న ద్వారముంచి, నెల కొకసారి కొబ్బరిపీచు కట్టిన కర్రతో దులుపుకొనవలెను. పూర్వము ఈ పనికి ఆస్బెస్టాసు సిమెంటు గొట్టములు విరివిగా వాడిరి. వాని ధూళి ఊపిరితిత్తులకు చేయు కీడు నేడు తెలిసియున్నది గావున ఇటుకతోనో, కాల్చిన మట్టి గొట్టముతోనో కట్టుట మంచిది.

గొట్టము స్లాబును దాటుచోటు అత్యంత ముఖ్యమైనది. స్లాబు పోసిన పిమ్మట సుత్తి, ఉలి పట్టి తూటు చేసినచో కడ్డీలు తెగును, పగుళ్ళు పుట్టును, తొలి వానకే నీరు కారును. ఆ కారుటకు విసిగి యజమాని గొట్టమును పీకి తూటును సిమెంటుతో మూయించును. నాటితో పొగ మరల గదిపాలు. అదే స్లాబు పోయునాడే కడ్డీల నడుమ, గొట్టముకంటె కొంచెము పెద్దదైన ఇనుపకట్టు నిలిపి యుంచిన, ఖర్చు స్వల్పము, కష్టము శూన్యము. రేకుల కప్పైనను ఇంతే. గొట్టము వాసమును తాకరాదు. కొయ్య సుమారు 250 మొదలు 300 డిగ్రీల వేడికి అంటుకొనునని మనము ధైర్యముగా నుందుము గాని, ఏండ్లతరబడి అంతకంటె చాల తక్కువ వేడి తగులుచున్న కొయ్య లోలోపల బొగ్గై, నిర్లక్ష్యముగా నున్న యొకనాడు రాజుకొనును. ఇన్నేండ్లు ఏమియు కాలేదనుట అభయము కాదు.

గోడ రాతిదైనంత మాత్రమున పొయ్యిచుట్టు భద్రమని తలపరాదు. గోడకు తగిలించిన వస్తువులు మండును. పొయ్యికి నలుదిక్కుల మూడడుగుల మేర అలమర, దండెము, తెర, ధాన్యపు గోనె ఉండరాదు; పొయ్యినోటి ముందర ఒకటిన్నర అడుగు మొదలు రెండడుగుల వరకు నేల రాయియో గచ్చో కావలెను. పొయ్యిపైనున్న గోడలో విద్యుత్తు తీగలు పోరాదు; సాధారణపు తీగల తొడుగు డెబ్బది డిగ్రీల వేడికి మించి తాళదు. పొయ్యికిపై అటక కట్టి, ఎండునని అందులో కట్టెలు పేర్చు అలవాటు కొన్ని యిండ్లలో కలదు. దానిని వెంటనే మానవలెను. కందికట్టె, పత్తికట్టె ఎండినవెనుక నిప్పురవ్వకే భగ్గుమనును. ఏడాది కట్టెను వంటింటి వెనుకగోడకే ఆనించి వామి వేయుట బీదరు పల్లెలలో సర్వసాధారణము. పొయ్యికి తావు నిర్ణయించునాడే వామికిని తావు నిర్ణయింపవలెను. ఆ రెండింటి నడుమ పెరడు ఉండవలెను. పొయ్యి నడకదారిలో నుండరాదు. పసివాడు ఆడుకొనుచు పరుగెత్తు త్రోవకు, ఇల్లాలు కొంగు సవరించుకొనుచు నీళ్ళబిందెతో తిరుగు మలుపునకు అది ఎడముగా నుండవలెను. కూర్చొని వండువారికి నేలపొయ్యి, నిలిచి వండువారికి గట్టుపొయ్యి. ఇది పురుషులు నిర్ణయింపవలసిన విషయము కాదు.

దిక్కును గూర్చి పెద్దలు తప్పక అడుగుదురు. ఆగ్నేయము అగ్నిస్థానమను శాస్త్రమును నేను కాదనను. వానకారున గాలి నైరుతినుండియు పడమటినుండియు వీచును గావున, ఆగ్నేయమున పుట్టిన పొగ యింటిమీదికి రాక ఆవలికి పోవును. అయితే శాస్త్రము పెరడుగల ఒంటరి యింటిని ఉద్దేశించి చెప్పిన మాటను వరుసయిండ్ల కాలనీలో కన్నుమూసికొని పాటించిన, మన ఆగ్నేయమూల తూర్పు పొరుగువారి నైరుతిమూలకు తాకును. నైరుతిలో గృహస్థు శయనగృహము నుంచవలెనని చెప్పినదియు ఆ శాస్త్రమే. వరుసయిండ్లలో మన పొగ అట్లు పొరుగింటి పెద్దల పడకగదికి పోవుచున్నది. అట్టిచోట్ల కాలనీకంతటికి కలిపి, గాలివాటు చూచి, పొయ్యిల మూలలను ఒక్కసారే నిర్ణయించుట ప్రభుత్వము చేయదగిన పని.

మరియొక ప్రమాదమును చెప్పక విడువలేను. చలిరాత్రులలో వృద్ధులకును బాలెంతలకును వెచ్చదనము కొరకు బొగ్గుల కుంపటిని గదిలో పెట్టి తలుపులు బిగించుట ఈ పీఠభూమిలో నున్నది. పొగలేని ఎర్రని బొగ్గు నిరపాయమని జనుల నమ్మకము. నిజమునకు గాలి చాలక మండు బొగ్గునుండి వెలువడు కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు నిద్రలోనే పోవుదురు. పాతయింటికి బెళకిండి యుండెను, తలుపుసందు లుండెను. క్రొత్తయింటి అల్యూమినియము కిటికీ గాలిచొరకుండ మూసికొనును. ప్రసూతిగదిగా వాడబడు ప్రతిగదికిని మూతలేని వాయురంధ్రము తప్పనిసరి చేయవలెను. ఇక నిత్యపు పొగ మాట: ఇంటిలోపలి పొగవలన 2020లో ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరని, వారిలో రెండు లక్షలకు పైబడి అయిదేండ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. తల్లి వంట చేయుచుండగా ఆమె ఒడిలోనో వీపుననో ఉండు పసివారికి ఆ పొగ తప్పదు.

తమవలన కాగల కార్యమును గూర్చి స్పష్టముగ మనవి చేయుచున్నాను. రాజీవ్ గాంధీ గ్రామీణ వసతి నిగమము ద్వారమున సహాయము పొందు ప్రతి గృహముయొక్క నమూనా పటములోను గ్యాసుగదికి నిండుగోడ అడ్డముగా, కట్టెల పొయ్యికి విడిగా, పైకప్పు గల చిన్న సావడిని చూపింపవలెను. అందులోనే రొట్టెపొయ్యియు, నీళ్ళపొయ్యియు ఒకే గొట్టమునకు కలియునట్లు కూర్చిన ఖర్చు తగ్గును. పునాది, లింటెలు, కప్పు అని దశలవారీగా ఛాయాచిత్రములు చూచి సొమ్ము విడుదల చేయు పద్ధతి ఇప్పటికే యున్నది; కప్పు దశలో స్లాబులోని గొట్టపు కట్టు కనబడు చిత్రమును గూడ కోరినచో నూతన ఉద్యోగి నొక్కని నియమింప నక్కరలేదు. గొట్టమునకును సావడికిని అగు వ్యయమును మంజూరు మొత్తమునకు చేర్చవలెను, ఏలయన చేర్చనిచో పేదవాడు మొదట మానునది దానినే. గౌండీలకు తాలూకా కేంద్రములలో కన్నడ, తెలుగు, మరాఠీ, ఉర్దూ భాషలలో ఒకటి రెండు దినముల శిక్షణ నిచ్చి, కొలతల పటమును అచ్చువేసి చేతికీయవలెను. పటముపై యజమాని సంతకముతోపాటు వంట చేయు స్త్రీ యొక్క సమ్మతి గూడ ఉండవలెను. పొయ్యి ఎత్తు, ముఖము, నీళ్ళకు దూరము ఆమె చెప్పినట్లు నిర్ణయింపవలెను.

ఇప్పటికే కట్టిన యిండ్లకు ఈ మేలంతయు చేయుట దుష్కరము. సిలిండరును పొయ్యిని వేరుచేయుట, వామిని దూరము జరుపుట, పడకగదికి రంధ్రముంచుట మాత్రము ఏ యింటివారైనను రేపే చేయగలరు. అట్లు చేయవలసినదిగా చదువరులను ప్రార్థించుచున్నాను. కట్టబోవు యిండ్ల భారము తమది. రాబోవు విడత గృహముల మంజూరుపత్రములు వెలువడుటకు పూర్వమే పటములను సవరించి, బీదరు జిల్లాలో ఈ సంవత్సరమే అమలుపరుపవలసినదిగా కోరుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
బీదరు వాస్తవ్యుడొకడు